రబ్బీ అంటే పూజారి కాదండి

ఈ మధ్య తెలుగు వార్తల్లో రబ్బీని ‘యూదుల పూజారి’ అని రాసేస్తున్నారు, అది అస్సలు సరిపోదు. హీబ్రూలో రవ్ అంటే గొప్పవాడు, పెద్ద, దాని చివర ‘ఈ’ చేరితే ‘నా’ అని అర్థం, అంటే రబ్బీ అన్నది ‘నా గురువుగారూ’ అనే పిలుపు. ఆ పిలుపే పోను పోను బిరుదైంది, మన ఊళ్ళల్లో బడి చెప్పేవాళ్ళని అయ్యవారూ అయ్యవారూ అని పిలిచి పిలిచి అదే వాళ్ళ వృత్తి పేరు అయిపోయినట్టు.

వాళ్ళలో పూజారి అంటే కోహెన్. దానికి మోషే అన్న అహరోను వంశంలో పుట్టాలి, యెరూషలేము ఆలయంలో బలులిచ్చేది వాళ్ళు. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చేశాక బలులు ఆగిపోయాయి, ధర్మశాస్త్రం చదివి విడమరిచి చెప్పేవాళ్ళే మతాన్ని నిలబెట్టారు, రబ్బీ అనేది బిరుదుగా స్థిరపడిందీ ఆ తర్వాతే. దీనికి వంశంతో పనిలేదు, చదువు కావాలి. సామూహిక ప్రార్థనకి కూడా పదిమంది ఉండాలి గానీ రబ్బీ ఉండి తీరాలని లేదు.

— అన్నా, మరి యేసుని రబ్బీ అన్నారు కదా, అప్పటికి ఆలయం ఉందిగా?

— ఉంది తమ్ముడూ, అప్పటికి అది మర్యాదగా పిలిచే మాట మాత్రమే. యోహాను సువార్త మొదటి అధ్యాయం చూడు, శిష్యులు రబ్బీ అనగానే బోధకుడని అర్థం అని పక్కనే ఉంటుంది. మగ్దలేనే మరియ పిలిచిన రబ్బూనీ కూడా ఇదే మాటకి అప్పట్లో అక్కడ మాట్లాడిన అరామిక్ భాషలోని రూపం. అంతకుముందు తరం హిల్లెల్, షమ్మాయి ఎంత పెద్ద పండితులో, అయినా వాళ్ళ పేర్ల ముందు ఏ బిరుదూ ఉండదు. రవ్ కన్నా రబ్బీ గొప్ప, రబ్బీ కన్నా రబ్బాన్ (‘మన గురువు’ అనే ఇంకా పెద్ద బిరుదు) గొప్ప, రబ్బాన్ కన్నా ఉత్త పేరే గొప్ప అని యూదుల్లో పాత మాట ఉంది, నాకు భలే ఇష్టం అది.

— ఈ రవ్ ఎవరు మళ్ళీ?

— బాబిలోనియాలో, అంటే ఇప్పటి ఇరాక్ వైపు ఉండే యూదు పండితులు. రబ్బీ అనిపించుకోవాలంటే సెమిఖా అనే అనుమతి కావాలి, అది ఇశ్రాయేలు దేశంలోనే ఇచ్చేవాళ్ళు, అందుకని బాబిలోనియావాళ్ళకి రవ్ అనే ఉండిపోయింది.

— మా హైదరాబాద్‌లో ఉర్దూవాళ్ళు దేవుణ్ణి రబ్ అంటారండి, సంబంధం ఉందా?

— ఉందండి, అది అరబిక్ నుంచి వచ్చింది, రెండిటికీ ధాతువు ఒకటే. అక్కడ ప్రభువు అనే అర్థం దేవుడి వైపు వెళ్ళింది, ఇక్కడ గురువు వైపు వచ్చింది. ఇంకోటి చెప్తా, సెఫార్దీ యూదులు, అంటే స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్నవాళ్ళు, రబ్బీని హఖామ్ అంటారు, జ్ఞాని అని. యునానీ మందులిచ్చే మీ పాతబస్తీ హకీం ఉన్నారే, ఆ మాటదీ అదే ధాతువు.