గాయాలతో ఆడి క్యాచ్ వదిలేస్తే ఎవరిని అనాలి? ఎడెల్‌మన్ గొడవ

వెస్ట్‌బరో వాసు | 2020 జనవరి 6

శనివారం రాత్రి ఫాక్స్‌బరోలో, అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ప్లేఆఫ్స్‌లో, టైటన్స్ చేతిలో మన పేట్రియాట్స్ 20-13తో ఓడిపోయారు. అప్పటి నుంచి ఆఫీసులో, వాట్సాప్‌లో, కారెక్కితే రేడియోలో ఒకటే మాట: మన రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) జూలియన్ ఎడెల్‌మన్ ఆ ఒక్క బంతి పట్టుకుని ఉంటే!

చూడనివాళ్ల కోసం చెప్తున్నా. నాలుగో క్వార్టర్ చివర్లో 14-13, ఒక్క పాయింటు వెనక ఉన్నాం. బంతి మన దగ్గరే ఉంది. రెండో డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో రెండోది), ఇంకో నాలుగు గజాలు కావాలి. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) బ్రేడీ విసిరిన బంతి ఎడెల్‌మన్ చేతుల్లో పడి జారిపోయింది. మూడో డౌన్‌లోనూ ఏం రాలేదు, పంట్ కొట్టాం, అంటే బంతిని దూరంగా తన్ని వాళ్లకి ఇచ్చేశాం. మళ్లీ బంతి మనకి దొరికేసరికి మిగిలింది 15 సెకన్లు, అదీ మన ఒక గజం లైను మీద, అంటే మన చివరి గీతకి గజం దూరంలో. ఆ వెంటనే టైటన్స్ ఆటగాడు లోగన్ రయాన్ ఇంటర్‌సెప్షన్ (మన పాస్‌ని మధ్యలో పట్టేశాడు), నేరుగా టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు). అంతే.

ఇప్పుడు నా మాట. సెప్టెంబర్‌లో జెట్స్ మ్యాచ్‌లో అతనికి ఛాతీకి దెబ్బ తగిలింది. డిసెంబర్ అంతా ఇంజురీ రిపోర్టులో మోకాలు, భుజం అని అతని పేరు ఉంది. అయినా 16 మ్యాచులూ ఆడాడు. 100 క్యాచులు, 1,117 గజాలు. టైటన్స్ మీద మన ఒకే ఒక్క టచ్‌డౌన్ కూడా అతనే చేశాడు. ఇంత చేసినవాణ్ని ఒక్క డ్రాప్‌కి బజారుకీడుస్తారా? అతన్ని తిట్టేవాళ్లు వచ్చి ఇక్కడ కారణం చెప్పండి.

స్లాట్ సుబ్బు | జనవరి 6

వాసు అన్నా, ఒక్క డ్రాప్ అయితే నేనూ నోరెత్తేవాణ్ని కాదు. నవంబర్ 3న రేవెన్స్ మ్యాచ్ మర్చిపోయావా? 17-0 నుంచి లేచి 17-13కి వచ్చాం. మూడో క్వార్టర్ మొదట్లోనే ఎడెల్‌మన్ చేతిలో ఉన్న బంతిని జారవిడిచాడు, రేవెన్స్ ఆటగాడు మార్లన్ హంఫ్రీ దాన్ని తీసుకుని 70 గజాలు పరిగెత్తాడు. అక్కడే మ్యాచ్ పోయింది, చివరికి 37-20. డ్రాపుల సంగతికొస్తే, లెక్క పెట్టే సంస్థని బట్టి అంకె మారుతుంది కానీ ఈ ఏడాది ఏ లిస్టు తీసినా అతను పైవరసలోనే ఉన్నాడు.

గాయంతో దిగాడని మార్కులు కలపరు. దిగావంటే పట్టాలి. పట్టలేకపోతే దిగకూడదు.

కూకట్‌పల్లి కిట్టు | జనవరి 6

మాకిక్కడ ఆదివారం పొద్దున్న 6:45కి మొదలైంది మ్యాచ్. మా నాన్న పేపర్ చదువుతూ "ఇంకా అయిపోలేదా ఈ కుస్తీ" అంటుంటే చూశాను.

సుబ్బు గారూ, "పట్టలేకపోతే దిగకూడదు" అన్నారే, 2010లో మొహాలీలో మన లక్ష్మణ్‌కి ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే? నడుము పట్టేసినా దిగాడు, ఆస్ట్రేలియా మీద 73 నాటౌట్, ఒక్క వికెట్ తేడాతో గెలుపు. దాన్ని పదేళ్లుగా నెత్తిన పెట్టుకుంటున్నాం కదా. గెలిస్తే వీరుడు, ఓడితే "ఎందుకు దిగాడు"... ఇదేం న్యాయమండీ?

డాలస్ దొర | జనవరి 6

కిట్టూ, లక్ష్మణ్‌కి రైనా రన్నర్‌గా వచ్చాడు తమ్ముడూ. పైగా క్రికెట్‌లో అతని బదులు ఇంకొకడు వచ్చి బ్యాటింగ్ చేయడానికి వీల్లేదు. కుంటుతూనైనా అతనే ఆడాలి. ఫుట్‌బాల్‌లో మ్యాచ్ రోజు నలభై మందికి పైగా రెడీగా ఉంటారు, ప్రతి ప్లేకీ మనిషిని మార్చొచ్చు. కాబట్టి ఇక్కడ గాయపడినవాడు ఆడటం ఎవరో ఒకరు కావాలని తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం ఎవరిదో చూడాలి గానీ ఆ కుర్రాడి చేతుల్ని కాదు.

నేను కౌబాయ్స్ వాణ్ని, మీ ఓటమికి నాకు చాలా సంతోషం, అది వేరే విషయం. కానీ మీ కోచ్ బెలిచిక్‌ని ఎవరూ ఎందుకు అనట్లేదు?

వెస్ట్‌బరో వాసు | జనవరి 6

దొర గారూ, మార్చడానికి మనుషులుంటే కదా! ఈ ఏడాది మా రిసీవర్ల కథ వినండి. గ్రాంక్ మార్చిలో రిటైర్ అయ్యాడు. ఆంటోనియో బ్రౌన్ ఒక్క మ్యాచ్ ఆడాడు, సెప్టెంబర్ 20న తీసేశారు. జోష్ గోర్డన్‌కి మోకాలి దెబ్బ, అక్టోబర్ చివరికి అతనూ లేడు. డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) మొదటి రౌండ్‌లో తెచ్చుకున్న హ్యారీ సగం సీజన్ ఇంజర్డ్ రిజర్వ్‌లో (గాయపడి ఆడలేనివాళ్ల జాబితాలో). సాను కోసం అట్లాంటాకి రెండో రౌండ్ పిక్ ఇచ్చారు, వచ్చీ రాగానే చీలమండ బెణికింది, మొత్తం మీద 26 క్యాచులు.

బ్రేడీ ఎడెల్‌మన్‌కి 153 సార్లు విసిరాడు. రెండో స్థానంలో ఉన్నది రన్నింగ్ బ్యాక్ (ప్రధానంగా బంతితో పరిగెత్తేవాడు), జేమ్స్ వైట్, 95. ఇంక ఎవర్ని దింపమంటారు?

డాలస్ దొర | జనవరి 6

నేనూ అదే అంటున్నా. టీమ్ సరిగ్గా కట్టుకోలేదు కాబట్టి ముప్పై మూడేళ్లవాణ్ని సెలవు లేకుండా తోమారు. మీరు దానికి "ధైర్యం" అని పేరు పెట్టి చప్పట్లు కొట్టారు.

ఫిజియో పద్మ | జనవరి 7

సాధారణంగా ఇక్కడ చదివి వెళ్లిపోతాను, కానీ భుజం, మోకాలు అనేసరికి ఆగలేకపోయాను. స్పోర్ట్స్ ఇంజురీలు చూడటమే నా రోజువారీ పని. అతని స్కాన్‌లు నేను చూడలేదు, కాబట్టి ఇది మామూలుగా జరిగేదాని గురించి మాత్రమే.

మోకాలిలో వాపు ఉన్నప్పుడు తొడ ముందువైపు కండరం పూర్తి బలంతో పనిచేయదు. మనిషి ఎంత మొండివాడైనా సరే, అది అతని చేతిలో లేదు, నరాల స్థాయిలోనే శరీరం బ్రేకు వేస్తుంది. ఎడెల్‌మన్ లాంటి స్లాట్ రిసీవర్ (మైదానం మధ్య భాగంలో ఆడే రిసీవర్) బతుకంతా ఆ ఒక్క కాలి మీదే. లైను మధ్యలో ఐదారు గజాలు పరిగెత్తి, టక్కున ఆగి, పక్కకి తిరగాలి. ఆ తిరగడంలో రవ్వంత ఆలస్యమైనా బంతి వచ్చే టైముకి తల ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చూసేవాళ్లకి "చేతుల్లో పడింది వదిలేశాడు" అని కనిపిస్తుంది. నిజానికి లోపం కాలి దగ్గర మొదలై ఉండొచ్చు.

భుజం సంగతి వేరు. నొప్పి ఎక్కువగా వచ్చేది చేయి పైకెత్తినప్పుడు, లేదా ఒంటికి అడ్డంగా అవతలి వైపుకి చాచినప్పుడు. ఒంటి దగ్గరికి వచ్చిన బంతిని పట్టుకోవడానికి అంత ఇబ్బంది ఉండకూడదు. శనివారం బంతి దూరంగా ఏం రాలేదు. అందుకని భుజం వల్లే జారిందని నేను అనను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ అలాంటివి వదిలేస్తారు. టీవీలో చూసి ఫలానా డ్రాప్ ఫలానా గాయం వల్లే అని చెప్పేవాళ్లని అసలు నమ్మకండి.

ఇంకో విషయం ఎవరూ ఎత్తట్లేదు. గాయపడినవాడు వారం మధ్యలో ప్రాక్టీస్ పూర్తిగా చేయడు. రిపోర్టులో "లిమిటెడ్" అని రాస్తారు చూడండి, అదే. రిసీవర్‌కీ క్వార్టర్‌బ్యాక్‌కీ మధ్య టైమింగ్ కుదిరేది ఆ ప్రాక్టీస్‌లోనే. నెలల తరబడి అది సగం సగం జరిగితే, ఆదివారం మ్యాచ్‌లో ఎంత గుండెధైర్యం ఉన్నా ఆ లోటు పూడదు.

స్లాట్ సుబ్బు | జనవరి 7

పద్మ గారూ, బాగా చెప్పారు. కానీ మీ మాటే నాకు పనికొచ్చింది: ఆరోగ్యంగా ఉన్నప్పుడూ వదిలేస్తారు. 2019 జనవరి 20, కాన్సస్ సిటీ, ఏఎఫ్‌సీ ఫైనల్ (లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్). పంట్ అతని చేతికి తగిలి చీఫ్స్‌కి దొరికిందన్నారు, రీప్లేలో తగల్లేదని తేలి బతికిపోయాం. హమ్మయ్య అనుకునేలోపు బ్రేడీ విసిరిన బంతి ఇతని చేతుల్లోంచి ఎగిరి చీఫ్స్ ఆటగాడు సోరెన్‌సెన్‌కి దొరికింది. అప్పుడు ఏ గాయం అడ్డొచ్చింది? ఇతని ఆటే అంత. పెద్ద క్యాచులూ పడతాడు, పెద్ద తప్పులూ చేస్తాడు. గాయాన్ని మధ్యలోకి లాగొద్దు.

వెస్ట్‌బరో వాసు | జనవరి 7

సుబ్బూ, సగం కథ చెప్పి ఆపేశావేం? ఆ మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. మన డ్రైవ్‌లో థర్డ్ డౌన్, పది గజాలు అనే పరిస్థితి మూడుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లు బంతి ఎవరికి వేశాడు బ్రేడీ? ఎడెల్‌మన్‌కే. రెండూ పట్టాడు. మూడోది గ్రాంక్. 37-31. రెండు వారాల తర్వాత సూపర్ బౌల్‌లో రామ్స్ మీద 10 క్యాచులు, 141 గజాలు, ఎంవీపీ (మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు).

అతను తప్పు చేయడని నేనెప్పుడూ అనలేదు. తప్పు చేశాక దాక్కోడు అంటున్నా. చేతిలోంచి బంతి జారి ఇంటర్‌సెప్షన్ అయ్యాక, చాలామంది రిసీవర్లు మిగతా మ్యాచ్ అంతా భయంభయంగా చేతులు చాస్తారు. ఇతను మళ్లీ అదే గుంపు మధ్యలోకి, అదే దెబ్బలు తగిలే చోటికి వెళ్లి నిలబడతాడు. ఆ గుణం లేకపోతే ఏడో రౌండ్‌లో, 232వ పిక్‌గా వచ్చిన కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ఈ లీగ్‌లో రిసీవర్‌గా ఇన్నేళ్లు ఉండేవాడా?

స్లాట్ సుబ్బు | జనవరి 7

శనివారం ఓవర్‌టైమ్ రాలేదు అన్నా.

నాష్‌విల్ నాని | జనవరి 7

టైటన్స్ ఫ్యాన్‌ని ఒక్క మాట చెప్పనివ్వండి. మీరంతా మా గెలుపుని మీ డ్రాప్ ఖాతాలో రాసేస్తున్నారు, బాధగా ఉంది.

డెరిక్ హెన్రీ 34 సార్లు పరిగెత్తి 182 గజాలు లాగాడు. మీ డిఫెన్స్‌కి అతన్ని ఆపడమే తెలియలేదు. రెండో క్వార్టర్‌లో మీకు మా ఒక గజం లైను మీద ఫస్ట్ డౌన్ వచ్చింది. మూడు రన్లు, మూడూ ఆపేశాం, మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నారు. అక్కడ నాలుగు పాయింట్లు పోయాయి, మీరు ఓడింది ఏడు పాయింట్లతో. వెంటనే మేం 75 గజాలు వచ్చి 14-13 చేశాం. సెకండాఫ్ మొత్తంలో మీకు ఒక్క పాయింటు లేదు. ఇంత జరిగాక ఒక్క రెండో డౌన్ గురించి ఈ ఏడుపేంటి?

అసలు మీరు మాతో ఆడాల్సి వచ్చిందే డిసెంబర్ 29న సొంత మైదానంలో డాల్ఫిన్స్ చేతిలో 27-24తో ఓడినందుకు. అది గెలిచి ఉంటే మొదటి వారం బై (ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి). 2009 సీజన్ తర్వాత మీకు ఆ సెలవు పోవడం ఇదే మొదటిసారి. ఎడెల్‌మన్ మోకాలికి నిజంగా కావలసింది ఆ వారమే కదా.

ఫిజియో పద్మ | జనవరి 7

నాని గారి చివరి ముక్క చాలా సరైనది. వారం రోజుల్లో గాయం నయం కాదు, కానీ వాపు తగ్గడానికి అది పెద్ద తేడా.

కూకట్‌పల్లి కిట్టు | జనవరి 8

అంటే అక్కా, మీ లెక్కలో అతను డిసెంబర్‌లోనే రెండు మ్యాచులు కూర్చోవాల్సిందా?

ఫిజియో పద్మ | జనవరి 8

నా క్లినిక్‌కి వచ్చి ఉంటే అదే చెప్పేదాన్ని. వినేవాడు కాదనుకోండి. బఫెలో మ్యాచ్‌లో తల దెబ్బ కోసం పరీక్షలకి లోపలికి తీసుకెళ్లారు, అయ్యీ అవగానే మళ్లీ మైదానంలోకి వచ్చాడు. ఆటగాళ్లని అడిగితే "బాగానే ఉంది" అంటారు. వాళ్ల పని వాళ్లది. కూర్చోబెట్టాల్సింది ఆటగాడు కాదు. ఆ ఒక్క విషయంలో నేను దొర గారితో ఉన్నాను.

స్లాట్ సుబ్బు | 2020 అక్టోబర్ 6

పాత థ్రెడ్ పైకి లాగుతున్నా, ఏమనుకోకండి. నిన్న చీఫ్స్ మ్యాచ్ చూశారా? మన క్వార్టర్‌బ్యాక్ స్టిడమ్ విసిరిన బంతి ఎడెల్‌మన్ చేతుల్లో పడి ఎగిరి చీఫ్స్ ఆటగాడు టైరన్ మాథ్యూకి. టచ్‌డౌన్. 26-10. ఇప్పుడు బ్రేడీ లేడు, అంతా కొత్త. ఎడెల్‌మన్ మాత్రం మారలేదు.

వెస్ట్‌బరో వాసు | అక్టోబర్ 6

సెప్టెంబర్ 20న సియాటిల్‌లో 8 క్యాచులు, 179 గజాలు, కెరీర్‌లోనే బెస్ట్. ఆ రాత్రి ఈ థ్రెడ్ పైకి లాగడం నీకు గుర్తు రాలేదెందుకో.

ఫిజియో పద్మ | అక్టోబర్ 6

సియాటిల్ తర్వాతి రెండు మ్యాచులూ చూడండి. పరుగు మొదలుపెట్టేటప్పుడు బాగానే ఉన్నాడు, ఆగేటప్పుడు ఒక కాలిని కాపాడుకుంటున్నట్టుంది. డ్రాపుల కంటే నాకు దాని మీదే దిగులు.

డాలస్ దొర | 2021 ఏప్రిల్ 13

నిన్న రిటైర్మెంట్. ఫిజికల్ టెస్టులో ఫెయిల్ అయ్యాడని టీమ్ కాంట్రాక్టు రద్దు చేసింది, ఆ వెంటనే అతను వీడియో పెట్టాడు. కారణం మోకాలు. పోయిన అక్టోబర్‌లో 49ఎర్స్ మ్యాచ్ తర్వాత మళ్లీ ఆడనేలేదు. 2019లో ఆడిన ఆ 16 మ్యాచుల ఖరీదు ఇదే అని నా అనుమానం. వాసు గారూ, చప్పట్లు ఇంకా కొడతారా?

వెస్ట్‌బరో వాసు | ఏప్రిల్ 13

కొడతాను. 2017లో మోకాలి లిగమెంట్ తెగి ఏడాదంతా పోయింది, తిరిగొచ్చి సూపర్ బౌల్ ఎంవీపీ అయ్యాడు. ఆ మోకాలితో ఏం చేయాలో అతనికి మనకంటే బాగా తెలుసు. ప్లేఆఫ్స్‌లో 118 క్యాచులు, 2021 నాటికి జెర్రీ రైస్ తర్వాత ఇతనే. హాల్ ఆఫ్ ఫేమ్‌కి పంపాల్సిందే.

స్లాట్ సుబ్బు | ఏప్రిల్ 13

మొత్తం కెరీర్‌లో 6,822 గజాలకి హాల్ ఆఫ్ ఫేమా! అన్నా, దానికి వేరే థ్రెడ్ తెరువు. అక్కడికొచ్చి కొట్టుకుందాం.