మోకాలు అరగడానికి కారణం ఒంటి బరువా, ఒంట్లో కొవ్వా?

గౌతమి_ఒడ్డు
షుగర్ మాత్రల చర్చలో మొదలై పక్కదారి పట్టిన గొడవను ఇక్కడికి మార్చాను. సంగతి ఇదీ. బరువు_కాటా గారు "మోకాలికి కావలసింది భారం తగ్గడం, మిగతావన్నీ కబుర్లు" అన్నారు. ఎర్రకణం గారు "భారం ఒక్కటే అయితే చేతివేళ్ళ కణుపులెందుకు అరుగుతున్నాయి" అన్నారు. తీరిగ్గా తేల్చుకోండి. వెటకారం వరకూ ఫర్లేదు, తిట్లు రాస్తే తీసేస్తాను.

బరువు_కాటా
తేల్చుకోవడానికేముందండీ. చదును నేల మీద నడిచినా మోకాలి కీలు మీద పడేది ఒంటి బరువు కాదు, దానికి రెండున్నర రెట్లు. మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. ఇవి కాగితం మీద వేసిన లెక్కలు కావు. కృత్రిమ కీలు లోపలే కొలిచే పరికరం అమర్చి, మనుషుల్ని నడిపించి చూసినవి. ఒంటి బరువు కన్నా అంత ఎక్కువ ఎందుకంటే, కాలు ముడుచుకుపోకుండా తొడ కండరం లాగి పట్టాలి. ఆ లాగుడంతా కూడా కీలే మోస్తుంది. 80 కేజీల మనిషి రేవు మెట్లు దిగితే ఒక్కో అడుక్కీ 270 కేజీలు దాటుతుంది.

2005లో అమెరికాలో మెస్సియర్ బృందం 142 మందిని కొలిచింది. ఒక్క కేజీ తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కేజీల భారం తగ్గుతుందని తేలింది. కాలవ గట్టు మీద రోజుకు మూడు వేల అడుగులు వేసే మనిషికి అదెంతవుతుందో మీరే గుణించుకోండి.

ఎర్రకణం
ఆ లెక్క తప్పని నేననలేదు, సగమే అన్నాను. చేతులతో ఎవరూ నడవరు కదండీ. అయినా లావుపాటివాళ్ళకు చేతివేళ్ళ అరుగుదల ముప్పు దాదాపు రెట్టింపని, పాత పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూసినవాళ్ళు 2010లో తేల్చారు.

కొవ్వు ఊరికే పడి ఉన్న సరుకు కాదు. లెప్టిన్, ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి, మంట (ఇన్‌ఫ్లమేషన్) రేపే రసాయనాలు వదులుతూ ఉంటుంది. అవి కీలులోకి చేరి, జనం గుజ్జు అనే ఆ మృదులాస్థిని కొరికే ఎంజైములను లేపుతాయి. లెప్టిన్ పుట్టని ఎలుకలు గుమ్మడికాయల్లా ఊరాయి గానీ వాటి మోకాళ్ళు అరగలేదు. ఇంకోటి. అసలు కొవ్వే లేకుండా పుట్టించిన ఎలుకల్ని 2021లో చూశారు. బరువులో అవి మామూలు ఎలుకల్లాగే ఉన్నాయి, అరుగుదల మాత్రం రాలేదు. వాటికి కాస్త కొవ్వు తెచ్చి పెడితే వచ్చింది. బరువు అదే, మారింది కొవ్వొక్కటే. పైగా ఇదంతా ఒంట్లో కొవ్వు గురించే. మోకాలి లోపల ఉండే కొవ్వు దిండు సంగతి ఇంకా ఎత్తలేదు.

పుల్లట్టు
దిండేంటండీ? చిప్పలో ఉంటుందా?

ఎర్రకణం
చిప్పలో కాదు, చిప్ప కింద. కుర్చీలో కూర్చుని మోకాలు ముడవండి. చిప్ప కింది అంచు నుంచి కాలి ఎముక దాకా తాడులా గట్టిగా దిగేది ఒకటి తగులుతుంది, అది టెండన్. దానికి అటూ ఇటూ మెత్తగా ఉండే రెండు చోట్లే దిండు. అక్కడ రెండు బొటనవేళ్ళూ ఆనించి కొంచెం నొక్కి, అలాగే ఉంచి కాలు మెల్లగా చాపండి. పూర్తిగా చాచే ముందు ఆఖరి పది డిగ్రీల్లో చురుక్కుమంటే దిండు నలుగుతోందని అనుమానించాలి. జర్మనీ సర్జన్ ఆల్బర్ట్ హోఫా 1904లో దీని జబ్బును వివరించాడు కాబట్టి హోఫా దిండు అనే పేరు.

అక్కడ నరాలు దండిగా ఉంటాయి. స్కాట్ డై అనే సర్జన్, కీలు లోపల మత్తు లేకుండానే తన మోకాళ్ళలోకి గొట్టం పెట్టించుకుని ఒక్కోచోటా పొడిపించుకున్నాడు. 1998లో రాశాడు. చిప్ప గుజ్జు మీద పొడిస్తే నొప్పే లేదు. దిండు దగ్గరకొచ్చేసరికి ప్రాణం లేచిపోయింది.

పుల్లట్టు
నొక్కాను. ఎందుకు నొక్కానురా బాబూ అనిపించింది.

బరువు_కాటా
ఆ సర్జను గారి ధైర్యానికి దండం. నాకొక్క ముక్క చెప్పండి. మనిషి బరువు పెరిగితే ఆ దిండు పెరుగుతుందా, పెరగదా?

ఎర్రకణం
పొట్టలా పెరగదు. చిక్కి శల్యమైనవాళ్ళలో కూడా అది అలాగే మిగిలి ఉంటుంది. చూడాల్సింది సైజు కాదండీ, అది ఏం వదులుతోందని. లావుగా ఉండి మోకాళ్ళు అరిగిన ఆడవాళ్ళలో, తొడ చర్మం కింది కొవ్వుతో పోలిస్తే దిండులో ఐఎల్-6 రెట్టింపని 2009లో ఫ్రాన్సువాళ్ళు చూశారు.

బరువు_కాటా
పెరగదు. రాసిపెట్టుకున్నా. ఇంకోటి కూడా వినండి. ఆస్ట్రేలియాలో ఏళ్ళ తరబడి కొలిచినవాళ్ళకు కనిపించింది మీ మాటకి అడ్డం: దిండు పెద్దగా ఉన్నవాళ్ళకే నొప్పి తక్కువ, గుజ్జు తరగడమూ తక్కువ. అంటే అది భారాన్ని కాచుకుంటోంది. దిండు దొంగైతే పెద్ద దిండున్న ఇంట్లో ఎక్కువ పోవాలి కదా?

ఎర్రకణం
పరుపు మందంగా ఉంటే మంచిదే, తడిస్తే? ఎంఆర్ఐలో దిండు ఎంతుందో ఒక కొలత, అందులో మంటకి గుర్తుగా తెల్లగా మెరిసే మచ్చలున్నాయో లేదో ఇంకో కొలత. ఆ మెరుపున్నవాళ్ళకే నొప్పి, అరుగుదల ఎక్కువ. మీరు మొదటిదే పట్టుకుని ఊగుతున్నారు.

బరువు_కాటా
పెరగదు అన్నారుగా. దాన్నే పట్టుకుంటాను.

లంక_పొలం
పెద్దలు ఏమీ అనుకోకండి. మా లంకల్లో కూరగాయల మళ్ళలో కలుపు తీసే ఆడవాళ్ళు 45 కేజీలుండరు. వాళ్ళకి అరుగుతున్నది ఏ బరువుకండీ, ఏ కొవ్వుకండీ?

మందుల_బీరువా
ఆ ప్రశ్నను దాటేసి పోకండి. 2001లో బీజింగ్ వాళ్ళనీ అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ వాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తే, సన్నగా ఉండే బీజింగ్ ఆడవాళ్ళకే మోకాళ్ళ అరుగుదల ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు గంటల తరబడి గొంతుకూర్చున్న అలవాటుతో దానికి ముడి ఉందని 2004లో కనిపించింది.

ఎర్రకణం గారికి నాదో ప్రశ్న. మంటే అసలు దోషి అయితే ఆర్పే మందులు పనిచేయాలి కదా. ఐఎల్-1 అనే మంట రసాయనాన్ని ఆపే అనాకిన్రాను మోకాల్లోకే ఎక్కించి 2009లో చూశారు, మందు లేని ఉత్త సూదికీ దానికీ తేడా లేదు. చేతివేళ్ళ అరుగుదలకు టీఎన్ఎఫ్‌ని ఆపే అడాలిముమాబ్ ఇచ్చారు, 2018లో అదీ అంతే. 2017లో స్టెరాయిడ్ ఫలితం మరీ దారుణం. 140 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినలోన్, ఇంకో జట్టుకి ఉప్పునీళ్ళు, మూణ్ణెల్లకోసారి రెండేళ్ళ పాటు ఎక్కించారు. నొప్పిలో తేడా లేదు. గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వాళ్ళకే ఎక్కువ పోయింది.

బరువు_కాటా
ఆయ్, అదీ మాట! మంట మంట అని ఊదరగొట్టేవాళ్ళు దీనికి జవాబు చెప్పి కదలాలి. ఎలుకల కథలు మనుషుల మోకాళ్ళకి అతికిస్తే అతుక్కుంటాయా?

ఎర్రకణం
ఒక్క తాడు కోస్తే వల చిరిగిపోతుందా? ఐఎల్-1 ఒక్కదాన్ని ఆపితే మిగతా పది అలాగే ఉంటాయి. అదీ అరుగుదల ముదిరాక మందిచ్చి, ఏమైందీ అంటే ఏమవుతుంది? మీకు కావలసింది జవాబు కాదు, గెలుపు. ఫిజియోథెరపీ అని కరెంటు పెట్టి, వేడి పెట్టి పది రోజులు తిప్పుకునేవాళ్ళకి [మిగతా వాక్యం తీసేశాను – గౌతమి_ఒడ్డు]

కొబ్బరాకు
అయిపోయింది. ఇక మొదలు.

బరువు_కాటా
తీసేసిన వాక్యం నేను చదివేశాను లెండి. సరే, నాకు మంట ఎక్కడో చెప్తాను. ఇన్‌ఫ్లమేషన్ అనే మాట బయటికి రాగానే ఏమవుతోందో మీకు తెలీదా? మీ రక్తమే తిప్పి మోకాల్లో ఎక్కిస్తాం, మీ పొట్టలో కొవ్వే తీసి దాని కణాలతో గుజ్జు మళ్ళీ పుట్టిస్తాం అని బోర్డులు లేచాయి. వడ్లు అమ్మిన డబ్బు అక్కడ పోస్తున్నారు. ఆర్నెల్లకి మళ్ళీ నొప్పి. ఈలోగా తొడ కండరం ఇంకో రెండు వేళ్ళు తగ్గి ఉంటుంది. ఎముక రోగం కన్నా ఆ మాట రోగం పెద్దది. అందుకే భారం, కండరం తప్ప ఇంకోటి మాట్లాడను.

ఎర్రకణం
ఈ మాట మొదటే అంటే ఇంత రాసే పని ఉండేది కాదు. ఆ కణాల వ్యాపారాన్ని నేను ఎక్కడ సమర్థించాను? నాది ఇంకో వైపు నుంచి వచ్చిన కోపం. బరువే కారణం అనగానే "ముందు పది కేజీలు తగ్గి రా, అప్పుడు చూద్దాం" అని తలుపేసేస్తున్నారు. పెరట్లోకి నడవలేని మనిషి పది కేజీలు ఎలా తగ్గుతుంది? నొప్పి మందు లేదు, వ్యాయామం చూపించేవాడు లేడు, ఇంట్లో మాత్రం "తిండి తగ్గించు" అని నలుగురూ సతాయింపు. తప్పంతా ఆవిడ నోటిదే అన్నట్టు. కొవ్వు ఒక అవయవంలా పనిచేస్తుందని చెప్తే కనీసం ఆ నింద తగ్గుతుంది.

మందుల_బీరువా
మీ ఇద్దరూ వేరు వేరు జనాలతో పోట్లాడుతూ ఒకరి మీద ఒకరు రాళ్ళేసుకుంటున్నారు. 2013లో మెస్సియర్ వాళ్ళదే పెద్ద ప్రయోగం. 55 దాటిన లావుపాటి వాళ్ళు 454 మంది, 18 నెలలు. వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళు 1.8 కేజీలు తగ్గారు, తిండి తగ్గించినవాళ్ళు 8.9, రెండూ చేసినవాళ్ళు 10.6. తిండి తగ్గించినవాళ్ళకి మోకాలి భారమూ తగ్గింది, రక్తంలో ఐఎల్-6 కూడా తగ్గింది. నొప్పి అందరికన్నా బాగా తగ్గింది రెండూ చేసినవాళ్ళకి. ఇందులో భారం వాటా ఎంతో, మంట వాటా ఎంతో విడదీసి చెప్పమంటే కుదరదు. రెండూ ఒకే దారిన పోయాయి.

పుల్లట్టు
బరువు తగ్గించే ఆ కొత్త సూదికి మోకాలి నొప్పి కూడా తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

మందుల_బీరువా
సెమాగ్లూటైడ్. 407 మంది, 68 వారాలు, ఫలితం 2024లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్ళ బరువు 13.7 శాతం తగ్గింది. నొప్పి స్కోరు నూటికి 41.7 పాయింట్లు తగ్గింది. కానీ ఉత్త సూది వాళ్ళకి కూడా 27.5 తగ్గిందని మరిచిపోకండి. పైగా చేరినవాళ్ళందరూ బీఎంఐ (ఎత్తుకి బరువెంతో చెప్పే లెక్క) 30, ఆపైనే. మనవాళ్ళకి 25కే ఊబకాయం అంటున్నాం, ఆ ఫలితాన్ని అలాగే ఎత్తి ఇక్కడ పెట్టలేం.

డబ్బు లేనిచోట బియ్యంతో మొదలెట్టండి. పూటకి 150 గ్రాముల బియ్యం వండే మనిషి 75కి దిగితే, రెండు పూటలకీ కలిపి 500 కేలరీలకు పైగా తగ్గుతాయి. కొలత వండిన అన్నంతో కాదు, బియ్యంతోనే వేయాలి. గంజి వార్చిన అన్నం, వార్చని అన్నం తూకాలు కలవవు. ఎక్కువమంది తప్పేది ఎక్కడంటే, అన్నం తగ్గించి ఆ ఖాళీని అరటిపండ్లతో, సాయంత్రం జంతికలతో నింపుతారు. చేప పెంచండి, గుడ్డు పెంచండి. మాంసకృత్తులు లేకుండా బరువు దిగితే కొవ్వుతో పాటు తొడ కండ కూడా పోతుంది, అప్పుడు మోకాలు ఇంకా తూలుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగాకే పెంచాలి.

బరువు_కాటా
కండ విషయం నాకొదిలేయండి. కుర్చీ సీటు మోకాలి ఎత్తుకి తగ్గకూడదు. చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చోవాలి, అలాంటివి మూడు విడతలు, వారానికి మూడు రోజులు. కూర్చునేటప్పుడు ధబీమని పడిపోవద్దు, మూడు లెక్కపెడుతూ దిగాలి, కండ పెరిగేది అక్కడే. మర్నాటికి కూడా నొప్పి తగ్గకపోతే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచండి గానీ మానేయొద్దు.

సైకిలు మనకి దేవుడిచ్చిన వరం. డెల్టా అంతా పళ్ళెంలా చదునే. సీటు మాత్రం అందరూ కిందికి పెట్టుకుంటారు. తొక్కుడు అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు కాస్తే, 25-30 డిగ్రీలే వంగి ఉండాలి. సీటు కిందుంటే చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఇంకోటి. మోకాలి కింద తువ్వాలు పెట్టి వెనక్కి గట్టిగా అదమమని అందరికీ ఒకే వ్యాయామం రాసిస్తున్నారు. ఎర్రకణం గారు చెప్పిన ఆ చోట చురుక్కుమనేవాళ్ళకి అది చేయించకూడదు. కాలు బిగిసేదాకా చాస్తే దిండు ముందు నలుగుతుంది. తువ్వాలు చుట్ట లావుగా చేసి, పూర్తిగా చాచకముందే ఆపించాలి. వెనక్కి వంగే మోకాళ్ళవాళ్ళకి మడమ కింద కాస్త ఎత్తు, చిప్ప కింది అంచు పైకి లేచేలా టేపు. నెలలో తేడా తెలియాలి.

ఎర్రకణం
అంటే దిండు ఉందన్నమాట!

బరువు_కాటా
ఉంది. పెరగదు.

లంక_పొలం
కుర్చీలు, సైకిళ్ళు అన్నీ అయ్యాయి. గొంతుకూర్చుని కలుపు తీసేవాళ్ళ సంగతి మళ్ళీ గట్టునే వదిలేశారు.

బరువు_కాటా
వదల్లేదండీ, వస్తున్నా. జానెడు ఎత్తు పీట. మోకాలు పూర్తిగా మడత పడకుండా ఆ జానెడే ఆపుతుంది. పావుగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒకే కాలి మీద కాకుండా రెండింటి మీదా లేవాలి.

లంక_పొలం
పీట వండ్రునేలలో దిగబడిపోతుందండీ. మూడు సాళ్ళు వెళ్ళేసరికి మళ్ళీ గొంతుకే కూర్చుంటారు.

ఎర్రకణం
కాళ్ళున్న పీట వద్దు. అడుగున వెడల్పు పలక కొట్టించి, నడుముకి తాడుతో కట్టుకునేలా చేయిస్తే? లేచినప్పుడు దాన్ని చేత్తో ఎత్తే పని ఉండదు.

లంక_పొలం
తాడు ఆలోచన బాగానే ఉంది. చెక్క అయితే నానిపోయి బరువెక్కుతుంది. నురుగు ముక్క చుట్టూ ప్లాస్టిక్ సంచి కుట్టిస్తే తేలిగ్గా ఉంటుందేమో, ఈ వారం ఒకటి కట్టించి చూస్తాం.