ఎత్తుకున్న పాటా, ఎత్తుకొచ్చిన పాటా?

అడిగినవారు: అందరికీ నమస్కారం. ర్యాప్ పాటల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. పాత రికార్డులోంచి ఒక ముక్కను ఉన్నదున్నట్టు తీసి, దాని మీద కొత్త పాట కట్టడాన్ని ‘శాంపిల్ చేయడం’ అంటారు కదా. దీనికి తెలుగులో ఏ మాట వాడొచ్చు? నాకు ‘నమూనా’, ‘మచ్చు’ తట్టాయి.

నేను: ‘మచ్చు’ నాకు చాలా ఇష్టమైన మాటే కానీ, ఇక్కడ కుదరదండీ. బియ్యం కొట్టులో చూసే ఉంటారు. గోతాంలోకి బోలు గొట్టం పొడిచి, గుప్పెడు గింజలు అరచేతిలో పోస్తారు. వాటిని చూసి బస్తా సంగతి తెలుసుకుంటాం. అక్కడితో మచ్చు పని అయిపోయింది, ఆ గింజలతో ఎవరూ వంట చేయరు. ర్యాప్ వాళ్లు ఆ గుప్పెడుతోనే వండుతారు. ‘నమూనా’కీ ఇదే ఇబ్బంది.

ఒక పాట తీసుకుందాం. 1997లో నోటోరియస్ బి.ఐ.జి., పఫ్ డాడీ, మేస్ ముగ్గురూ కలిసి చెప్పిన ‘మో మనీ మో ప్రాబ్లమ్స్’. వినగానే పట్టేసుకునే ఆ గిటార్ వాళ్లది కాదు. 1980లో డయానా రాస్ పాడిన ‘ఐయామ్ కమింగ్ అవుట్’ అనే డిస్కో పాటలోది. దాన్ని రాసింది షీక్ అనే డిస్కో బృందానికి చెందిన నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. న్యూయార్క్‌లో ఒక క్లబ్బులో డయానా రాస్‌లా ముస్తాబైన మగవాళ్లను చూశాక ఈ పాట ఆలోచన వచ్చిందని రోజర్స్ చెబుతూ వచ్చారు. దాచుకున్నదాన్ని దాచకుండా బయటికి రావడం గురించిన పాట అది. పదిహేడేళ్ల తర్వాత అదే గిటార్ కింద నడుస్తుంటే, పైన డబ్బు పెరిగేకొద్దీ పెరిగే తలనొప్పుల మాట వినపడింది. ముక్క మారలేదు, అర్థం మారింది.

అందుకే నా ఓటు ‘ఎత్తుకోవడం’కి. భజనలో ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. పద్యం ఎత్తుగడ బాగుందంటాం. అదే ధాతువుతో ‘ఎత్తుకుపోయాడు’ అంటే దొంగతనం. శాంపిల్ చుట్టూ ఉన్న ఆనందం, గొడవ రెండూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి.

మన దగ్గర దీనికి బాగా దగ్గరి పని సమస్యాపూరణం. ‘కుంజరయూథంబు దోమ కుత్తుక సొచ్చెన్’ అన్నది అందరికీ తెలిసిందే. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట! చాటు కథల ప్రకారం తెనాలి రామకృష్ణుడు ఆ ఒక్క పాదాన్నే రెండు పద్యాల్లో ఇమిడ్చాడు. మొదటిదాంట్లో అది సమస్య ఇచ్చినవాడికి తిట్టయింది. రెండోదాంట్లో పాండవులంతటివాళ్లు విరాటుడి కొలువులో చేరిన దుఃఖం అయింది. ఇంకో సంగతి గమనించండి. ఇచ్చిన పాదంలో ‘ంజ’ ఉంది కనక ప్రాస కోసం మిగతా మూడు పాదాలూ ‘రంజన’, ‘భంజన’, ‘సంజయ’ అని దానికి లొంగాల్సిందే. ఎత్తుకున్న ముక్క లయకి ముగ్గురు ర్యాపర్లూ లొంగినట్టే.

ఒక సభ్యురాలు: పోలిక బాగుందండీ, కానీ ఒప్పుకోలేను. సమస్యలో పాదం ఇచ్చేవాళ్లు ఎదురుగా ఉంటారు. ఇక్కడ వీళ్లంతట వీళ్లే తీసుకుంటున్నారు. మామూలుగా మనం ‘ట్యూన్ లేపేశాడు’ అనేది దీన్నే కదా?

నేను: న్యాయమైన మాటేనమ్మా. అమెరికాలోనూ అదే గొడవ కోర్టుకెక్కింది. గాయకుడు గిల్బర్ట్ ఓ సలివన్ పాటలోంచి ముక్క తీసుకున్నందుకు ర్యాపర్ బిజ్ మార్కీ మీద నడిచిన కేసులో, 1991 డిసెంబర్‌లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి తన తీర్పును ‘దొంగిలించకూడదు’ అన్న బైబిల్ ఆజ్ఞతోనే మొదలుపెట్టారు. ఆ తర్వాత ముందే అనుమతి తీసుకోవడం తప్పనిసరి అయింది. నేను చెప్పిన పాటలో రోజర్స్, ఎడ్వర్డ్స్ పేర్లు రచయితల్లో ఉన్నాయి. పాట వచ్చేనాటికి ఎడ్వర్డ్స్ లేరు, 1996లోనే పోయారు. బి.ఐ.జి.ని 1997 మార్చి 9న లాస్ ఏంజెలెస్‌లో కాల్చి చంపారు, ఆల్బమ్ వచ్చింది మార్చి 25న. ఆగస్టు నెలాఖరుకి ఈ పాట బిల్‌బోర్డ్ అనే అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మేస్, పఫ్ డాడీ చెప్పాక చివరి చరణం బి.ఐ.జి. గొంతులో వస్తుంది. నేను ఎన్నిసార్లు విన్నా అక్కడ పని ఆపి వింటాను.

లేపేయడం అంటే పేరు కూడా చెరిపేయడం. పేరు చెప్పి తీసుకుంటే ఎత్తుకోవడం. ఆ తేడా మనం పాటిస్తే చాలనుకుంటాను.

అడిగినవారు: మొదటిసారి ‘శాంపిల్’ అని రాసి, అక్కణ్ణుంచి ‘ఎత్తుకున్న ముక్క’ అని వాడతాను. మరి అదే ముక్క మళ్లీ మళ్లీ తిరగడాన్ని, అంటే లూప్‌ని, ఏమనాలి?

సభ్యురాలు: ‘తిప్పు’ అనండి. మా ఊరి కోలాటంలో అడుగులు మళ్లీ మొదటికి వస్తే అలాగే అంటాం.