రోడ్డు మీద పోస్టు పెడితే వాట్సాప్‌లో పోలీసు నోటీసు: హద్దు ఎక్కడ?

పౌరవేదిక (ప్రశ్న):
మున్సిపాలిటీ పేజీలో ఒకాయన ఆరు నెలలకే పెచ్చులూడిన సిమెంటు రోడ్డు ఫొటోలు పెట్టి, "డబ్బంతా ఎవరి జేబులోకి పోయింది? దొంగల ముఠా" అని కాంట్రాక్టరు పేరు, కౌన్సిలర్ పేరు రాశారు. కింద ఒకరు కౌన్సిలర్‌ను కులం పేరెత్తి తిట్టారు. ఇంకొకరు "ఇంటికెళ్లి కాళ్లు విరగ్గొట్టాలి" అన్నారు. నోటీసు మాత్రం పోస్టు పెట్టినాయనకు వచ్చింది, బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి) 353(2), 356 కింద. మూడింటిలో ఏది హద్దు దాటింది? ఆయన ఇప్పుడేం చేయాలి?

న్యాయపక్షం:
మూడింటినీ ఒకే గాటన కట్టకండి. రాజ్యాంగం 19(2) ప్రకారం ఎనిమిది కారణాల మీదే మాటకు ఆంక్ష పెట్టొచ్చు. పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం, శాంతిభద్రతలు వాటిలో ఉన్నాయి. నాయకుడు నొచ్చుకోవడం లేదు. కొత్త కారణాలు చేర్చే వీల్లేదని 2023లో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

353(2) ఇక్కడ నిలబడదు. అది మతం, కులం, భాష వంటి వర్గాల మధ్య పగ రేపే తప్పుడు సమాచారానికి పెట్టింది, పాత ఐపీసీ 505(2). రెండు వర్గాల ప్రస్తావన లేకపోతే వర్తించదని 1997లోనే బిలాల్ అహ్మద్ కాలూ కేసులో తేలింది. అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. రోడ్డు సంగతిలో రెండు వర్గాలెక్కడివి?

మరెందుకు తగిలించారంటే, పరువు నష్టం (356) నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. పక్కన ఒక్క కాగ్నిజబుల్ సెక్షన్ (పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయగలిగేది) చేరితే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 174(4) కింద కేసు మొత్తం కాగ్నిజబుల్ అయిపోతుంది. ఎఫ్‌ఐఆర్‌లో ముందు చూడాల్సింది ఈ అతుకే.

అసలు ప్రమాదం "దొంగల ముఠా" దగ్గర ఉంది. డబ్బెటు పోయిందని అడగడం ప్రశ్న, దొంగ అనడం ఆరోపణ. నిజమని చూపిస్తే సరిపోదు, ప్రజాహితమని కూడా చూపాలి.

కులం తిట్టు వేరే సంగతి. కౌన్సిలర్ ఎస్సీ లేదా ఎస్టీ అయి, తిట్టినవాడు ఆ వర్గాలవాడు కాకపోతే, అట్రాసిటీ చట్టం 3(1)(ఎస్) ఉంది. ప్రాథమికంగా నేరం కనబడితే ముందస్తు బెయిలు కూడా దొరకదు.

స్టేషన్_నుంచి_కోర్టుదాకా:
చేయాల్సిన పని చెప్తా. బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు, అంటే పోలీసుల ముందు హాజరు కమ్మనేది, వాట్సాప్‌లో ఇస్తే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ఊరుకోకండి. కాగితం మీద నోటీసు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఇవ్వమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పద్ధతిగా వచ్చిన నోటీసుకు హాజరవుతుంటే, కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. ఎగ్గొడితే ఆ రక్ష పోతుంది.

పోస్టు డిలీట్ చేయొద్దు. ఎక్కువమంది కంగారులో చేసేది అదే. సాక్ష్యం చెరిపారంటారు, పైగా వ్యాఖ్య ఏ సందర్భంలో రాశారో చూపించడానికి మీ దగ్గరే ఏమీ మిగలదు. లింకు, తేదీ, కింది కామెంట్లు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకున్నాక ఆ రెండు కామెంట్లను దాచమని అడ్మిన్‌కు చెప్పండి. ఫోన్ తీసుకుంటే ఐఎంఈఐ నంబరుతో పంచనామా అడగండి.

అదే రోజు మున్సిపాలిటీలో ఆర్టీఐ వేయండి. ఆ పని ఎస్టిమేటు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చివరి బిల్లు. గడువు 30 రోజులు. ఎం-బుక్‌లో మందం ఒకటి రాసి, రోడ్డు మీద ఇంకొకటి ఉంటే పరువు నష్టం కేసుకు అదే మీ జవాబు. ఎఫ్‌ఐఆర్ కొట్టేయించడానికి హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 పిటిషన్.

సీమ_గొంతుక:
ఒక్కటి కలుపుతా. "కాళ్లు విరగ్గొట్టాలి" అన్నదాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు మింగుడుపడలేదు. దాని కింద కౌన్సిలర్ ఇంటి చిరునామా ఉందా, ఎప్పుడు వెళ్దామని ఎవరైనా అడిగారా, అది చూడాలి. అవి ఉంటే బెదిరింపు (351) దాకా వెళ్తుంది. మాటకూ ముప్పుకూ మధ్య దగ్గరి లంకె ఉండాలని 1960లో లోహియా కేసు నుంచీ కోర్టులు చెబుతున్నదే.

పరువు నష్టం జైలు కేసుగా ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అది నేరంగా ఉండటాన్ని 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది, తెలుసు. అయినా పదవిలో ఉన్నవాళ్లకు సివిల్ దావా చాలు. రెండేళ్ల జైలు భయం ఉంటే రేపు రోడ్డు ఫొటో ఎవరూ పెట్టరు.