కోసిన వరి పనల మీద తడిసింది, కౌలు రైతుకు బీమా వస్తుందా?

అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో చిన్న ఊరు. నాన్న కౌలుకు వరి వేశారు. కోత కోసి పనలు ఆరబెట్టిన సమయంలో వాన పడి చేలో నీళ్లు నిలిచాయి. గింజ మొలకెత్తుతోంది. కౌలు మాత్రం ఎలాగైనా కట్టాల్సిందే.

ఫసల్ బీమా (కేంద్ర పంటల బీమా పథకం) ప్రీమియంలో రైతు వాటా, అంటే ఖరీఫ్ వరికి బీమా మొత్తంలో 2 శాతం, నాన్నే కట్టారు. రసీదు ఉంది. కోశాక పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు అకాల వర్షం నుంచి రక్షణ ఉంటుందని, నష్టం జరిగిన 72 గంటల్లోపు చెప్పాలని తెలిసి పంటల బీమా హెల్ప్‌లైన్ 14447కు ఫోన్ చేశాం. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఫొటోలు కూడా తీసి పెట్టాం.

అసలు టెన్షన్ ఇక్కడే. భూమి యజమాని సంతకం పెట్టకపోవడంతో నాన్నకు సాగు హక్కు పత్రం (కౌలు రైతుకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పత్రం) రాలేదు. ఈ-క్రాప్‌లో (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం చేసే నమోదు) మాత్రం సాగుదారుగా నాన్న పేరే ఉంది. పరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది? ఇన్‌పుట్ సబ్సిడీకి (విపత్తులో పంట నష్టపోతే ప్రభుత్వం ఇచ్చే సాయం) కూడా ఆ పత్రం అడుగుతారా? యజమాని మంచివారే, కానీ సంతకం పెడితే భూమి పోతుందని భయం. ఆ పత్రం గడువు 11 నెలలే, యాజమాన్యంపై హక్కు రాదని చెప్పినా నమ్మడం లేదు.

సర్వేకు వచ్చేదాకా పనలు కదపకూడదా? ఆగితే ఉన్న గింజ కూడా పోతుంది. ఇలాంటి పరిస్థితిలో క్లెయిమ్ అందుకున్న కౌలు రైతులు, వ్యవసాయ శాఖలో పనిచేసినవారు ఉంటే దయచేసి చెప్పండి.