తుప్పుతో పట్టేసిన బోల్టుకు గ్యాస్ మంట పెట్టాలా, వద్దా?

ఉప్పుగాలి_800:
మాది భీమిలి. 1999 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చెయ్యి) బుష్‌లు (దాని కీలులో ఉండే రబ్బరు ముక్కలు) పోయాయి, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు టకటకమని చప్పుడు. కుడివైపు బుష్ మార్చేశాం. ఎడమవైపు నట్టు ఊడింది గానీ బోల్టు బయటికి రావడం లేదు. పానాకు పైపు తగిలించి తిప్పితే కొంచెం తిరుగుతుంది, చెయ్యి వదలగానే వెనక్కి వచ్చేస్తుంది. గ్యాస్ పెట్టి ఎర్రగా కాలిస్తే ఐదు నిమిషాల పని అని షెడ్డు మేస్త్రి అంటున్నాడు. మా బాబాయి మాత్రం మంట వద్దే వద్దు, కిరసనాయిలు పోసి రెండు రోజులు ఆగమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్_అన్న:
మేస్త్రి మాటే వినండి. ఇనుము తుప్పు పడితే ముందున్నదానికంటే రెండు మూడు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ తుప్పే బోల్టు మరల (థ్రెడ్ల) మధ్య చీలలా కూర్చుంటుంది. అంత ఇరుకులోకి కిరసనాయిలు ఎలా దిగుతుంది? వేడి చేస్తే నట్టు సాగుతుంది, లోపలి తుప్పు పొర పగులుతుంది. 12 మి.మీ. నట్టును 300 డిగ్రీలు వేడెక్కిస్తే రంధ్రం సుమారు 0.04 మి.మీ. పెద్దదవుతుంది. వినడానికి చిన్న లెక్కే, కానీ తుప్పు పట్టు విడవడానికి అది సరిపోతుంది. అది వేడిగా ఉండగానే కొవ్వొత్తి తాకించండి, మైనం కరిగి మరల్లోకి దిగిపోతుంది. సముద్రం పక్క బళ్లకు మా షెడ్డులో రోజూ చేసే పనే ఇది.

మర_ముఖ్యం:
అన్నా, నట్టు విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆయన నట్టు ఊడిందని రాశారు కదా. పట్టేసింది మరలు కాదు.

బుష్ ఎలా ఉంటుందో చూడండి. బయట ఇనుప గొట్టం, దాని లోపల రబ్బరు, ఆ రబ్బరు మధ్యలో ఇంకో సన్నటి ఇనుప గొట్టం. బోల్టు వెళ్లేది ఆ సన్న గొట్టంలోంచి. ఏళ్ల తరబడి నీళ్లు చేరి బోల్టూ గొట్టమూ తుప్పుతో ఒకటైపోయాయి. అందుకే తిప్పితే రబ్బరు మెలిపడుతుంది, వదిలితే వెనక్కి లాగుతుంది. ఆయన చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. ఎంత పొడవు పైపు తగిలించినా అక్కడ జరిగేది రబ్బరును మెలిపెట్టడమే.

ఇక మంట సంగతి. వేడి పనిచేయాలంటే బయట ఉన్నది సాగాలి, లోపల ఉన్నది చల్లగా ఉండాలి. ఇక్కడ బయట ఉన్న గొట్టం చుట్టూ రబ్బరు ఉంది కాబట్టి మంట దానికి తగలదు. మీరు కాల్చగలిగేది బోల్టు తల, బోల్టు చివర మాత్రమే. అంటే లోపలిదాన్నే ఉబ్బిస్తున్నారు, పట్టు ఇంకా బిగుస్తుంది. రబ్బరు అంటుకుంటే వచ్చే నల్లటి పొగలో కారు కింద పడుకుని పనిచేయడం ఎవరికీ మంచిది కాదు, మేస్త్రికి కూడా.

నేను మరీ గట్టిగా వద్దనేది ఇంకో కారణంతో. ఇది సస్పెన్షన్. బ్రేకు వేసిన ప్రతిసారీ బరువంతా ఆ ఆర్మ్ మీదా, దాన్ని బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్ మీదా పడుతుంది. తల మీద 8.8 అని (బలం చెప్పే గ్రేడు) ఉండే బోల్టును తయారీలో గట్టిపరిచాక కనీసం 425 డిగ్రీల దగ్గర పదును సరిచేస్తారు. అంతకు మించి కాలితే ఆ బలం పోతుంది. మసక ఎరుపు కంటికి కనిపించేసరికే ఉక్కు 500 డిగ్రీలు దాటి ఉంటుంది. బోల్టు ఎలాగూ మారుస్తాం, బ్రాకెట్‌ను ఎలా మారుస్తారు? అది బాడీకి వెల్డ్ అయి ఉన్న పలచటి రేకు. దాని పెయింటు కాలిపోతే భీమిలి గాలికి తుప్పు వెంటనే మొదలవుతుంది.

డెట్రాయిట్_తెలుగు:
నమస్తే అండీ. మిషిగన్‌లో ఉంటాను. ఇక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు (డెట్రాయిట్ ఊరి కిందే పెద్ద ఉప్పు గని ఉంది). కార్ల అడుగుభాగం ఎంత దారుణంగా ఉంటుందంటే బ్రేకు పైపులే చిల్లులు పడతాయి. ఇక్కడి మెకానిక్‌ల చేతిలో గ్యాస్ మంట పెట్టే టార్చ్ లేకపోతే పని సాగదు. కాబట్టి మంట అంటే భయపెట్టేయకండి. సైలెన్సర్ ఫ్లాంజ్ (పైపుల అతుకు) బోల్టులకు, ఇనుప మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగ గొట్టం) నట్లకు అంతకు మించిన దారి లేదు. మంట భయమైతే ఇండక్షన్ హీటర్ ఉంది. తీగచుట్టను నట్టు చుట్టూ పెడితే నట్టు ఒక్కటే వేడెక్కుతుంది, పక్కన రబ్బరు ఉన్నా ఫర్వాలేదు.

అయితే ఈ బుష్ బోల్టు విషయంలో మర_ముఖ్యం గారితో ఏకీభవిస్తాను. ఇక్కడ వీటిని మంట పెట్టకుండా కోసేస్తాం.

ఆటోనగర్_అన్న:
కోయడం అందరికీ అయ్యే పనేనా? బ్రాకెట్‌కూ గొట్టానికీ మధ్య బ్లేడు దూరే సందు కూడా సరిగా ఉండదు. మంట పెట్టి, రబ్బరు కాల్చేసి, ఆర్మ్‌ను లాగేస్తే గొట్టం బయటపడుతుంది. అప్పుడు దాన్నే వేడి చేసి బోల్టు తిప్పొచ్చు. పని ఆగకుండా ఇలా చేసిన బళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. మీరు పుస్తకం లెక్క చెబుతున్నారు, షెడ్డులో కస్టమర్ సాయంత్రానికి బండి అడుగుతాడు.

మర_ముఖ్యం:
సాయంత్రానికి ఇవ్వాలన్న ఒత్తిడి నాకూ తెలుసు అన్నా. కోతకూ అంతసేపు పట్టదు. ముందు ఊడిన నట్టును బోల్టు చివరకు సమంగా ఎక్కించి, రాగి సుత్తితో గట్టిగా కొట్టి చూడాలి. నట్టు ఉంటే చివర చితకదు. కదల్లేదా, ఆర్మ్‌ను రాడ్డుతో ఒక పక్కకు నెడితే రబ్బరు నలిగి సందు దొరుకుతుంది. హ్యాక్సా బ్లేడుకు ఒక కొసన గుడ్డ చుట్టి పట్టుకుని రెండు వైపులా కోస్తే ఆర్మ్ గొట్టంతో సహా కిందికి దిగుతుంది. గ్రైండర్ వాడితే నిప్పురవ్వలు పెట్రోల్ పైపు వైపు పోకుండా చూసుకోండి. అన్నిటికంటే ముందు, బండి జాకీ మీద కాదు, స్టాండ్‌ల మీద ఉండాలి.

ఇది చదివి ఇంకెవరైనా ఇంజన్ దగ్గర మంట పెడతారేమోనని ఇంకో మాట. మారుతి 800 సిలిండర్ హెడ్ అల్యూమినియం. ఉక్కు ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం అలా రంగు మారదు, 660 డిగ్రీల లోపే ఉన్నట్టుండి కరిగిపోతుంది. అక్కడ స్టడ్ (తల లేని బోల్టు) విరిగితే మిగిలిన మొండికి నట్టు వెల్డ్ చేసి తీయడమే మేలు. వేడి స్టడ్‌కే తగులుతుంది, పట్టుకోవడానికి తలా దొరుకుతుంది.

అంబాసిడర్_వీరాభిమాని:
మంటా నూనే తర్వాత, ముందు పానా చూడండి. పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కు అంగుళాల నట్లు. అర అంగుళం అంటే 12.7 మి.మీ. దానికి 13 నంబర్ పానా వేసి తల గుండ్రం చేసేసి, తుప్పు మీద నెపం పెడతారు. ఆరు మూలల సాకెట్ వాడితే సగం బోల్టులు గొడవ లేకుండా వస్తాయి.

ఉప్పుగాలి_800:
అందరికీ ధన్యవాదాలు. కోయించాలనే నిర్ణయించాను, మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు. కొత్త బోల్టు బయట దొరికే మామూలుది వేయొచ్చా?

ఆటోనగర్_అన్న:
మామూలుది వద్దు. పాతదాని తల మీద ఏ అంకె ఉందో అదే గ్రేడు, అదే పొడవు అడగండి. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ తేడా లేదు. మ్యానిఫోల్డ్ నట్టు వస్తే మాత్రం నేను మంటే పెడతాను.

మర_ముఖ్యం:
బోల్టు నున్నగా ఉండే భాగానికి గ్రీజు పూసి ఎక్కించండి, మళ్లీ పట్టేయదు. బండి గాల్లో ఉండగా చివరి బిగింపు చేయకండి. కిందికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. లేదంటే రబ్బరు ఎప్పుడూ మెలికలోనే ఉండి కొత్త బుష్ కూడా తొందరగా చిరుగుతుంది. కుడివైపు అలా బిగించారో లేదో మేస్త్రిని అడగండి. లేకపోతే అదీ ఓసారి లూజు చేసి మళ్లీ బిగించమనండి.