టర్బో కారు హీటెక్కుతోంది, కూలెంట్ తగ్గుతోంది: హెడ్ దించాల్సిందేనా?

భీమవరం వాసి:
మాది రెండు లీటర్ల టర్బో పెట్రోలు కారు. ఊళ్లో తిరిగినంతసేపు ఇంజిన్ వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంటుంది. సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వైపు హైవే మీద వేగం పెంచితే పైకి పాకుతుంది. వారం వారం ట్యాంకులో కూలెంట్ తగ్గుతోంది, కింద మాత్రం ఒక్క చుక్క కనిపించదు. ఆయిలు రంగు మారలేదు. షెడ్డులో చూడగానే, “గాస్కెట్ పోయింది, హెడ్ దించాలి, ఈలోగా థర్మోస్టాట్ తీసేసి నడపండి” అన్నారు. హెడ్ అంటే ఇంజిన్ పైభాగమట, గాస్కెట్ దానికీ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలట, థర్మోస్టాట్ కూలెంట్ వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే వాల్వట. దించమనాలా, ఆగాలా?

తణుకు నుంచి:
దించమనండి. బయట పడని కూలెంట్ లోపలికే పోతోంది. టర్బో ఇంజిన్లోకి తోసే గాలి పీడనం (బూస్టు) పెరిగినప్పుడు సిలిండర్లో పీడనం గాస్కెట్‌ను దాటుకుని కూలెంట్ దారిలోకి తోసుకొస్తుంది, అందుకే వేగంలోనే ముల్లు లేస్తోంది. ఆయిలు పాలలా మారలేదని ధైర్యపడకండి. ఆయిలు దారి జోలికి పోకుండా కూడా గాస్కెట్ పోతుంది. అల్యూమినియం హెడ్ ఒకసారి వంగిందంటే ఖర్చు ఎక్కడికో వెళ్తుంది.

అమలాపురం మెకానిక్:
తణుకు వారు చెప్పిన ప్రమాదం నిజమే. కానీ జబ్బేమిటో తేలకుండా కత్తి పట్టుకోవడం నాకు నచ్చదు.

ఊళ్లో బాగుండి వేగంలో హీటెక్కుతోందంటే ముందు ఫ్యాన్లను అనుమానించనక్కర్లేదు, ఆ వేగంలో గాలి దానంతటదే తగులుతుంది. రేడియేటర్ మూసుకుపోయిందా, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందా, వాటర్ పంపు నీరసించిందా, పీడనం నిలవడం లేదా అన్నవి చూడాలి. దాళ్వా కోతలప్పుడు మన రోడ్ల మీద ఎగిరే పొట్టు ఏసీ కండెన్సర్‌ను దాటి వెనకున్న రేడియేటర్ ముఖానికి పట్టేస్తుంది. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందులోకి టార్చి వేసి చూడండి.

కింద చుక్క లేనంత మాత్రాన బయటికి కారడం లేదని చెప్పలేం. టర్బో పక్కన కారిన కూలెంట్ నేలకు చేరకముందే ఆవిరైపోతుంది. దాని గుర్తు మిగులుతుంది: టర్బోకు వెళ్లే సన్నని పైపుల బోల్టుల దగ్గర, వాటి వాషర్ల చుట్టూ, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర తెల్లగానో, మీ కూలెంట్ రంగులోనో ఎండి గట్టిపడిన మరక. గోరుతో గీకితే పొడిగా రాలుతుంది. అది కనిపిస్తే హెడ్ మాట తర్వాత.

కూలెంట్ ట్యాంకు మూతను ఎవరూ పట్టించుకోరు. కూలెంట్, నీరు సమపాళ్లలో కలిపితే మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒక బార్ పీడనం నిలిపితే 125 దాటాలి. మూత రబ్బరు గట్టిపడితే ఆ తేడా అంతా పోతుంది, మరిగిన కూలెంట్ కొంచెం కొంచెంగా ఆవిరై వెళ్లిపోతుంది.

కాబట్టి ప్రెజర్ టెస్టు చేయించండి. చల్లారిన ఇంజిన్ మీద, మూత మీద రాసి ఉన్నంత పీడనమే కూలెంట్ దారిలోకి ఎక్కించి, పదిహేను ఇరవై నిమిషాలు వదిలేయాలి. ఆ పీడనం చూపే ముల్లు పడిపోయి బయట ఎక్కడా తడి లేకపోతే, స్పార్క్ ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాల్లోంచి సన్న కెమెరా దించాలి. అన్ని పిస్టన్లూ మసితో నల్లగా ఉండి ఒక్కటి కడిగినట్టు మెరుస్తుంటే, కూలెంట్ ఆ సిలిండర్లోకే వెళ్తోంది. అప్పుడు హెడ్ దించమని నేనే చెబుతాను.

పాలకొల్లు లారీ యజమాని:
అన్నయ్యా, మిగతాది సరే, థర్మోస్టాట్ సంగతి ఒప్పుకోను. మా పాత లారీల్లో తీసేసి ఏళ్ల తరబడి రొయ్యలు తోలాం. మన ఎండలకు అదెందుకు?

అమలాపురం మెకానిక్:
తమ్ముడూ, పాత డీజిలు లారీ లెక్క వేరు. చాలా కొత్త ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే, రేడియేటర్‌ను తప్పించి కూలెంట్‌ను తిప్పే బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి ఇంజిన్లోకి వస్తుంది, లోడు మీద ఇంకా హీటెక్కుతుంది. మామూలుగా నడిస్తే ఇంజిన్ చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. చెడిపోయిందనిపిస్తే కొత్తది వేయండి.

భీమవరం వారూ, మరో మాట. తగ్గినప్పుడల్లా ఏ నీళ్లు పోస్తున్నారు? మీ వైపు చాలా బోర్లలో ఉప్పు నీరే. ఆ ఉప్పు అల్యూమినియాన్ని చిల్లులు పడేలా తినేస్తుంది.

భీమవరం వాసి:
కూలెంట్ దొరకనప్పుడు ఇంటి బోరు నీళ్లే పోశాం. పంపు దగ్గర తెల్లటి మరక కూడా ఉంది, ఇప్పుడే చూశాను.

అమలాపురం మెకానిక్:
అయితే ముందు పంపు చూడమనండి. వ్యవస్థంతా కడిగించి, బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ నీటితో మీ ఇంజిన్‌కు చెప్పిన కూలెంట్ కలిపి పోయించండి. రంగు ఒకటేనని వేరే రకం కలపనివ్వకండి. నింపాక లోపలి గాలి పూర్తిగా తీయకపోతే మళ్లీ హీటెక్కుతుంది.

తణుకు నుంచి:
ఆ మరక పాతదీ కావచ్చు. పంపు మార్చాక కూడా కూలెంట్ తగ్గితే, లేదా పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే రేడియేటర్ పై హోసు రాయిలా బిగుసుకుంటే, గాస్కెట్టేనన్న మాట మీదే నేనున్నాను. పరీక్ష చేయించండి, కాదనను. అది తేలేదాకా మాత్రం హైవే ఎక్కకండి.

భీమవరం వాసి:
సరేనండీ. థర్మోస్టాట్ తీయొద్దని షెడ్డుకు ఫోను చేసి చెప్పాను. రేపు ప్రెజర్ టెస్టు, దాంతోపాటు కొత్త మూత. ముల్లు ఎంత పడిందో ఇక్కడే రాస్తాను.